మంట లేని దేశానికి తప్పెట

మా బావ కృపానందానికి కోపం ముక్కు మీదే ఉంటుంది. చేతికి తప్పెట అందిందంటే మాత్రం ఆ కోపం ఎక్కడికి పోతుందో తెలియదు. పెద్దముడియం చుట్టుపక్కల జాతరైనా, పెండ్లైనా, మా చర్చి క్రిస్మస్ ఊరేగింపైనా, 'కృపానందం వచ్చినాడా?' అని అడగనిదే జనం అడుగు ముందుకు వేయరు.

నా పేరు పాల్ రాజు. బడిలో అటెండరుగా చేసి రిటైరయ్యాను. కృపానందం భార్య లక్ష్మమ్మ నా చెల్లెలు. ముప్పై ఏళ్లకు పైగా మా బావ తప్పెట కాసేవాణ్ణి నేనే. కాయడమంటే కాపలా కాయడమనుకునేరు. తప్పెట తోలు చల్లబడితే వదులైపోయి మోగదు. పక్కన మంట వేసి, తోలును సెగకు తిప్పుతూ బిగువు తెప్పించాలి. రెండు దరువులు వాయించగానే మళ్లీ కాయాలి. సెగ ఎక్కువైతే తోలు పగులుతుంది, తక్కువైతే వాయించినవాడి పరువు పోతుంది. అందుకే మా దగ్గర వాయించేవాడికి ఎంత భాగమో కాసేవాడికీ అంతే భాగం. చూసేవాళ్లకు మాత్రం ఆయన కళాకారుడు, నేను చొప్ప తగలబెట్టే ముసలోణ్ణి. ఏం చేస్తాం, లోకం తీరు.

పోయినేడు సింహాద్రిపురం దగ్గర జాతరలో మా బావ వాయిస్తుంటే మహేశ్వరి మేడమ్ ఫోన్లో వీడియో తీసింది. ఆమె ప్రొద్దుటూరు కాలేజీలో పాఠాలు చెబుతుంది, సెలవుల్లో ఊర్లు తిరిగి పల్లె పాటలు పోగు చేస్తుంది. ఆ వీడియో ఎవరి చేతుల్లో ఎట్లా తిరిగిందో గానీ నార్వే దేశం చేరింది. అక్కడ తోలు వాద్యాల సమ్మేళనమట, నవంబరులో. ఇద్దరు రండి అని పిలుపు వచ్చింది. ఒకరు వాయించేవాడు, ఒకరు తోడు. తోడు ఎవరో వేరే చెప్పాలా? జెరూసలేం యాత్రకు పోదామని చర్చివాళ్లు ఒకప్పుడు నాకూ, బావకూ, లక్ష్మమ్మకూ పాస్‌పోర్టులు చేయించారు. ఆ యాత్ర జరగలేదు గానీ పాస్‌పోర్టులు బీరువాలో భద్రంగా ఉన్నాయి. నేను జమ్మలమడుగు పోయి ఉన్ని టోపీ కొనుక్కొచ్చాను. ఎండాకాలంలో ఉన్ని టోపీ అడిగితే అంగడివాడు నా ముఖం చూసి నవ్వాడు. నవ్వనీ.

వీసాకు పేర్లు పంపే ముందు మేడమ్ ఇంకో కబురు తెచ్చింది. అక్కడి హాలు మొత్తం చెక్కతో కట్టిందట. లోపల గానీ బయట గానీ మంట వేయకూడదట. కావాలంటే ప్లాస్టిక్ తోలు, బోల్టులు ఉన్న తప్పెట తెచ్చుకోమన్నారు. దాన్ని కాయాల్సిన పని లేదు, స్పానరుతో బిగిస్తే చాలు.

మా బావ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఆ డబ్బా కొట్టేదానికి నేనెందుకు మేడమ్? యాడన్నా పిలకాయల్ని తీస్కపోండి. నా తప్పెట రాకుంటే నేనూ రాను."

"కోపం చేసుకోవద్దప్పా. మంట లేకుండా మోగించే దారేమన్నా ఉంటే చూడు. వచ్చే ఆదివారం నేను విని, పేర్లు పంపుతా," అంది మేడమ్.

ఆ వారం మా ఇంట్లో జరిగిన ప్రయోగాలు ఏ కాలేజీలోనూ జరిగి ఉండవు. ఇస్త్రీపెట్టెతో రుద్దాము. ఆ పెట్టెతో ఇస్త్రీ చేసిన చర్చి చీరకు తోలు వాసన పట్టిందని లక్ష్మమ్మ మా ఇద్దరినీ తిట్టింది. జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చి ఊదాము, మా బావ మీసాలు ఆరాయి. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. మా ఎండలకు తప్పెట ఊరికే గోడకు ఆనించినా ఖంగుమంటుంది. ఏది పనిచేసిందో ఏది చేయలేదో తెలిసేదెట్లా? చలి దేశంలో ఏమవుతుందో చూడాలంటే చలి కావాలి. మండే ఎండల్లో మాకు చలి ఎక్కడ దొరుకుతుంది?

అప్పుడు నాకు షాహుల్ గుర్తొచ్చాడు. ప్రొద్దుటూరులో ఆయనకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. పీర్ల పండక్కి ఏటా వాళ్ల వీధిలో గుండం దగ్గర వాయించేది మా బావే. అడగ్గానే షాహుల్, "తప్పెటకు చలి పెట్టాలా? ఈ ఎండల్లో మనుషులకే చలి పెట్టలేదు, రాండి మామా," అని పకపకా నవ్వాడు.

ఆదివారం ఆరాధన ముగించుకుని ముగ్గురం ప్రొద్దుటూరు బస్సెక్కాము. లక్ష్మమ్మ చెప్పులు కొనుక్కునే పని పెట్టుకుని మా వెంట వచ్చింది. మేడమ్ అప్పటికే ఫ్యాక్టరీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఐసు గడ్డలు పేర్చే గదిలోకి పోగానే నా పళ్లు దరువు వేశాయి. బావ మాత్రం పంచె బిగించి, "నిండా మునిగినోనికి చలేంది, కానీ బావా," అన్నాడు.

మొదటి దరువు బాగానే పలికింది. రెండో దరువుకు తోలు చల్లబడి, తడి గోనెసంచిని బాదినట్టయింది. షాహుల్ కరెంటు పొయ్యి తెప్పించాడు. దాని మీద నేను తిప్పి తిప్పి కాశాను. నడుమ కమురు వాసన వచ్చింది, అంచులు వదులుగానే ఉండిపోయాయి. చొప్ప మంటయితే నా మాట వింటుంది. ఎర్రగా కాలే ఆ తీగచుట్ట నా మాట వినలేదు. మూడోసారి వాయించబోయేసరికి చలికి బావ కుడిభుజం పట్టేసింది. ఆయన బయటికొచ్చి గడప మీద కూలబడ్డాడు.

"చాల్లే బావా. నేను రాలేనని మేడమ్‌ను రాయమను," అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు అంతవరకు తెలియదు.

లక్ష్మమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఆమెకు కనిపించింది మొగుడి భుజం ఒక్కటే. ఐసు తొట్టిలో ఉప్పునీళ్లు వాడతారట, మూలన రాళ్లుప్పు బస్తాలు ఉన్నాయి. దోసెడు ఉప్పు తీసి, కూలీలు టీ కాచుకునే పొయ్యి మీద పెనంలో చిటపటలాడేదాకా వేయించి, బావ తువ్వాల్లో మూటకట్టి, భుజానికి కాపడం పెట్టింది. మా వాడలో బాలింతలకూ పసిబిడ్డలకూ కాపడం పెట్టాలంటే అందరూ ఆమెనే పిలుస్తారు. బావ కళ్లు మూసుకుని, "ఆఁ, ఆడనే," అంటున్నాడు.

భుజం కాస్త వదిలింది. లక్ష్మమ్మ ఆయన ఒళ్లో ఉన్న తప్పెట వంక చూసింది.

"దీనికీ చలి పట్టిందే గదా," అంది.

"అది తోలే, మనిషి గాదు," అన్నాను.

"నీ బావ భుజం మాత్రం ఏంది? అదీ తోలే." ఉప్పు మూటను తప్పెట మీద పెట్టి, అంచుల నుంచి నడుమకు మెల్లగా తిప్పసాగింది. ఒకచోట నిలపదు, గట్టిగా నొక్కదు. మూట చల్లబడితే మళ్లీ ఉప్పు వేయించింది. కాసేపయ్యాక తప్పెటకు చెంప ఆనించి, "ఇంగొంచెం," అంది. ఇంకాస్త తిప్పి, షాహుల్ ఇచ్చిన గొంగడిలో చుట్టి పెట్టింది. తర్వాత బావ చేతికిచ్చి గదిలోకి తోసింది.

సిర్ర పుల్ల తోలుకు తగలగానే గది మొత్తం ఖంగుమంది. ఒక దరువు, రెండో దరువు, మూడోది. తగ్గలేదు. మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అక్కడ వంటకు కరెంటు పొయ్యి ఉంటాది, పెనం ఉంటాది. మంట ఒక్కటే వద్దన్నారు," అంది ఆమె, ముఖమంతా వెలిగిపోతూ.

ఇప్పుడు ఆ పని నేను నేర్చుకోవాలి గదా. మూట తీసుకున్నాను. ఇన్నేళ్లు మంట దగ్గర కాలి కాలి నా అరచేతులు మొద్దుబారి ఉన్నాయి, వేడి ఎంతో వాటికి తెలియదు. ఒకచోట ఎక్కువ కాచాను, తప్పెట గొంతు కీచుగా చీలింది. ఇంకోసారి చూశాను. ఈసారి మరీ మెత్తగా మోగింది. లక్ష్మమ్మ నా చేతిలోంచి మూట లాక్కుని సరిచేసింది. మేడమ్ నేల చూసింది. బావ గోడ చూశాడు. ఇద్దరికే పిలుపని అక్కడున్న అందరికీ తెలుసు.

నాకు విమానం ఎక్కాలని ఉంది. ఎందుకు ఉండదు? మంచు చూడాలని ఉంది. ఊరంతా చెప్పుకున్నాను కూడా. కానీ కీచుమన్న ఆ తప్పెట గొంతు నా చెవిలోనే ఉంది. పరాయి దేశంలో, నిండు సభలో మా బావ చేతిలో అది అట్లా పలికితే నేను తట్టుకోలేను.

"మేడమ్, లక్ష్మి పేరు రాయండి," అన్నాను.

"నేనా?" లక్ష్మమ్మ చేతిలో మూట అట్లాగే ఉండిపోయింది. "ఏందన్నా నువ్వు మాట్లాడేది? పులివెందుల దాటి ఎరగను నేను. ఆడమనిషి తప్పెట కాసేది యాడన్నా చూసినావా?"

"చూస్తి. ఇప్పుడే ఈడ్నే చూస్తి."

"మా ఎనుముకు గడ్డి ఎవరేస్తారు మరి?"

"నేనేస్తా లేమ్మా. చొప్ప పని నాకు కొత్తేం గాదు."

షాహుల్ నవ్వాడు. బావ నవ్వలేదు. దగ్గరికొచ్చి, "బావా, నువ్వు పక్కన లేకుండా నేను యానాడూ వాయించలే," అన్నాడు. కోపిష్టి మనిషికి కళ్లలో నీళ్లు తిరిగితే చూడటం కష్టం.

"ఇప్పుడు ఉండా గదా, వాయించు," అన్నాను.

వాయించాడు. వెచ్చటి తప్పెట, చల్లటి గది. ఇన్నేళ్లూ ఆయన వాయిస్తుంటే నా చూపు మంట మీదే ఉండేది, నా వీపు జనం వైపు ఉండేది. మార్చి ఇచ్చేందుకు రెండో తప్పెటను సెగకు తిప్పడం, చొప్ప ఎగదోయడం, నిప్పురవ్వలు దులపడం. దరువుకు ఎవరెట్లా ఎగురుతారో వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. ఆ రోజు నా చేతుల్లో ఏమీ లేదు. ఏం చేయాలో తెలియక చేతులు ఆడించాను, కాళ్లు వాటంతటవే కదిలాయి. మోకాళ్ల నొప్పులున్న ముసలోణ్ణి, ఐసు గడ్డల నడుమ పంచె ఎగగట్టి ఎగిరాను. కూలీలు గడ్డలు లాగే కొక్కేలు కింద పెట్టి నాతో కలిశారు. షాహుల్ కలిశాడు. వాకిట్లో నిలబడి లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

మా బావ తప్పెటకు నేను ఎగరడం అదే మొదటిసారి. ఎంత బాగా వాయిస్తాడో నాకు ఆ రోజే తెలిసింది.