మేడమీది జర్జీరు ఆకు

కొన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగుడుపడదు, బయటికీ రాదు. నాలాంటి కోతలరాయుడికి మాట అడ్డంపడడమేమిటని నాతో గదిలో ఉండేవాళ్ళు నవ్వుతారు. మీరు నవ్వకుండా వింటారని చెబుతున్నాను.

కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక కువైటీ ఇంట మేడమీది తోట చూసేవాణ్ణి. కప్పు మీద మట్టి పరిచి గడ్డీ పూలమొక్కలూ పెంచారు. వాటికి పెట్టేది మురుగునీళ్ళు. శుద్ధి చేసినవే, చూడ్డానికి తేటగా ఉంటాయి. కానీ తాగడానికీ, పచ్చిగా తినే ఆకులకీ పనికిరావు. నీళ్ళ తొట్టి మీద ఆ ముక్క అరబ్బీలో, ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ ఇంట్లో పనిచేసే సత్యవతికి ఆ రెండూ చదవడం రాదు. ఆవిడది మా అమలాపురం వైపే.

గడ్డి అంచున గోంగూర, తోటకూర వేసుకుంటానంది. ఈ నీళ్ళెక్కడివని అడిగింది. నిజం చెబితే విత్తనం వెయ్యదు, వెయ్యకపోతే నాకు పులుసుకూర రాదు. అందుకని సముద్రం అడుగున తియ్యటి ఊట ఉందనీ, దాని పైపు పక్కనున్న అబూ హలీఫా దగ్గర ఒడ్డుకొస్తుందనీ, ఆ నీళ్ళు తాగిన ఒంటెకి ముసలితనం రాదనీ చెప్పాను. నమ్మేసింది. అదేం నమ్మడమో! ఒంటె దగ్గరైనా మనిషికి అనుమానం రావద్దా? చూశారా, నా మీద రావలసిన విసుగుని ఆవిడ మీదికి తోసేస్తున్నాను. ఇప్పటికీ అదే పని.

మన ఆకుకూరలు ఉడికించేవే కనుక ఎవరికీ ఏమీ కాలేదు. నేనూ లొట్టలేసుకుంటూ తిన్నాను. తరవాత మామా, అంటే ఇంటి యజమానురాలు, మెచ్చుకుంటుందని ఆవిడ జర్జీరు వేసింది. ముల్లంగి ఆకులా ఘాటుగా ఉంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని అన్నంలోకి పచ్చిగానే నములుతారు. ఆ సంగతి ఆవిడకన్నా ముందు నాకు తెలుసు. మొలకలూ చూశాను. వండుకుంటారులే అనుకున్నానా? లేదు. ఏమీ అనుకోకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాను. ఆకు కోసి ఆ తొట్టి పంపు కిందే కడిగింది.

ఆ ఆకు పచ్చిగా తిన్న ఇంటి పిల్లలిద్దరికీ వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రిలో చేర్చారు. తేరుకున్నారు. కానీ మామా పనిమనిషి చేతులు శుభ్రంగా ఉండవంది. ఊరికి టికెట్టు తీయించేసింది. సత్యవతి మేడెక్కి నా దగ్గరికొచ్చింది.

“అన్నయ్యా, ఒట్టేసి చెప్పండి. ఆ నీళ్ళు మంచియ్యేనా?”

“మంచియ్యేనమ్మా.”

“అయితే నా చేతులే అయ్యుంటాయండి. సబ్బెట్టే కడిగానండి మరి.”

నేను పైపు చుట్టడంలో పడ్డాను.

మొదటిసారి చెప్పింది కోత. ఈసారి చెప్పింది అబద్ధం. నిజం చెబితే నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతుందని భయం. పోతే పోయేది! ఏం కొంప మునిగేది? ఆవిడ ఇప్పటికీ తన చేతులనే అనుమానించుకుంటూ ఊళ్ళో తన పిల్లలకి అన్నం కలిపి పెడుతోందేమో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా, నా నోటి ముద్ద నోట్లోనే ఆగిపోతుంది.

ఒకసారి గదిలోవాళ్ళకి చెప్పబోయాను. నా కోతలన్నిట్లో ఒంటె ఉంటుంది కదా, సగంలోనే ఒకడు, “ఇందులో ఒంటె రాలేదేంటి బాబాయ్?” అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ విసుగొచ్చి, ఒంటెని తెచ్చి, నవ్వించి ముగించాను. అంతకన్నా సిగ్గుమాలినతనం ఉంటుందా?

ఆవిడ ఇది చదవదు. చదివినా క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అవి మురుగునీళ్ళు. తెలిసీ మంచివన్నాను. సత్యవతి చేతుల్లో ఏ మురికీ లేదు. రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.