చెంబు కింద నా చెయ్యి

మా మనవరాలికి పదకొండేళ్లు. పుట్టినప్పటి నుంచి అన్నీ నిదానం. కొడుకు, కోడలు కుప్పంలో పని చేస్తారు. ఇలాంటి పిల్లలకు నేర్పే సెంటరు మదనపల్లెలో ఉంది కాబట్టి పిల్ల నా దగ్గర ఉంటుంది.

సెంటరు టీచరమ్మ నా ఫోనులో ఒక యాప్ వేసిచ్చింది. అన్నం తినడం, గుండీలు పెట్టుకోవడం, చెంబులో నీళ్లు గ్లాసులోకి వంచుకుని తాగడం, ఇలా వరసగా బొమ్మలు. పిల్ల సొంతంగా చేస్తే పచ్చ చుక్క, మనం చెయ్యి వేస్తే పసుపు, చేయలేకపోతే ఎరుపు నొక్కాలి. మూడో తరగతితో బడి మానేసిన నాకు బొమ్మలుండడం మేలైంది. ప్రతి శనివారం నేను నొక్కింది టీచరమ్మకూ, కుప్పంలో కొడుక్కూ కనబడుతుంది.

అన్నీ పచ్చ అయితే జూన్‌లో పుంగనూరు బడికి రాసిస్తానంది టీచరమ్మ. అక్కడ పగలంతా ఉంచుకుని పనులు నేర్పుతారు. నా తర్వాత పిల్ల ఒకరి చేతికేసి చూడకుండా బతకాలంటే ఆ బడిలో పడాలి.

నీళ్ల బొమ్మకు నేను వారం వారం పచ్చే నొక్కాను. టీచరమ్మ మాత్రం సెంటరులో చేయించి చూసి ఎరుపే పెడుతూ వచ్చింది. ఒకరోజు అడిగేసింది.

"ఏమవ్వా, ఇంట్లో పచ్చ, ఈడ ఎరుపు. పాపలు ఇద్దరుండారా?"

"నేను అబద్ధం చెప్తాండానా? నా కండ్ల ముందరే వంచుకుంటాది."

"అట్లయితే వీడియో తీసి యాప్‌లో పెట్టు. ఫోను గూట్లో ఆనిస్తే సాలు."

కోపంగానే తీసి పెట్టాను. సాయంత్రం కొడుకు ఫోను చేశాడు.

"అమ్మా, వీడియో సూసినావా?"

"తీసింది నేనే కదప్పా, మళ్లా యాల సూడాల?"

"సూడు. చెంబు కింద నీ చెయ్యి ఉండాది."

చూశాను. పిల్ల చెంబు వంచీ వంచకముందే నా చెయ్యి వచ్చి అడుగు పట్టుకుంది. వంచుతున్నది నేనే. ప్రమాణంగా నాకు తెలియదు. మా వీధికి నీళ్లు మూడు రోజులకోసారి వస్తాయి. బియ్యం కడిగిన నీళ్లు కూడా నేను పారబోయను. చుక్క ఒలుకుతుందంటే చాలు, నా చెయ్యి నన్ను అడగకుండానే ముందుకు పోతుంది.

మరునాడు టీచరమ్మ దగ్గర ఒప్పుకున్నాను.

"ఒలకబోయనీ అవ్వా. ఒలికితేనే వస్తాది."

"నీళ్లు మీ ఇంట్లోనించి మోసుకొస్తావా తల్లీ?" అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

ఇంటికొచ్చాక దారి నాకే తోచింది. కరివేపాకు చెట్టు మొదట్లో పీట వేసి పిల్లను కూర్చోబెట్టాను. ఒలికినవి చెట్టుకు పోతాయి. నా రెండు చేతులూ కొంగులో చుట్టి ఎదురుగా కూర్చున్నాను. మొదటి చెంబు మొత్తం చెట్టే తాగింది. నోరు మూసుకుని కూర్చోవడం చేతులు కట్టుకోవడం కంటే కష్టమైంది.

ఆ శనివారం ఎరుపు నొక్కాను. వెంటనే కొడుకు ఫోను.

"ఏమ్మా, ఎరుపు పెట్టినావే?"

"ఉండేదే పెట్టినా. నువ్వు గమ్మునుండు."

చెట్టు ఈ ఏడు గుబురుగా చిగురేసింది. సెంటరులో ఇప్పుడు పసుపు దాకా వచ్చాం, జూన్‌కు ఇంకా రెండు నెలలున్నాయి. మొన్న శనివారం పిల్ల చెంబెత్తి వంచింది. పీట తడిసింది, గ్లాసు సగమే నిండింది. ఆ సగమూ తాగి, గ్లాసు బోర్లించింది. అప్పుడు తీశాను కొంగులోనించి చెయ్యి, పచ్చ నొక్కడానికి.