రెండో వి అరిగిందనుకున్న

నాకు అక్షరాలు యాభై ఎనిమిదేండ్లకు వచ్చినయి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ నా కోడలే నేర్పింది, జొన్నరొట్టెలు కొట్టుకుంటనే. ఇంగ్లిష్‌ల డబ్ల్యూ నాకు రాకపోయేది. రెండు వీలు పక్కపక్కన నిలబెడితే అయిపాయె అని చెప్పింది. ఆ మాట పట్టుకొనే నేను ఆమె మొదటి గిరాకీకి ఎసరు పెట్టిన.

మాది బీదర్ పక్కన కమఠాణ. కోడలు బీదర్‌ల బ్యూటీపార్లర్ పని నేర్చుకొని మా ముందటి గదిల పెద్ద అద్దం పెట్టుకున్నది. కొడుక్కు ఇష్టం లేదు. ఆదివారం పెండ్లిపిల్ల వస్తది, ఆ పని చెడితే అద్దం తీసేస్తనని ముందే చెప్పిండు.

వంకర వెంట్రుకలు తిన్నగ సాపు చేసే మిషన్ కోడలు మేనత్త ఇచ్చింది, విదేశంల వాడి తెచ్చినది. శుక్రవారం దాన్ని చూద్దామనుకుంటే కోడలు చేతులనిండ గోరింటాకు ముద్ద. మీద ఏం రాసుందో చూడుమన్నది. కండ్లద్దాలు పెట్టుకొని చూసిన. నూటపది, పక్కన ఒక వి. అచ్చు అరిగి ఉంది. రెండో వి పోయింటదనుకొని, "నూటపది వాట్లు, పాత బల్బంత" అని గట్టిగ చెప్పిన. ప్లగ్గు నేనే పెట్టిన. ముందు నా తలమీదనే చూడమన్న.

చేతులు కడుక్కొచ్చి ఆమె ఒక పాయ పట్టిందో లేదో, కమురు వాసన. మిషన్ టప్పుమని ఇంట్ల కరెంటు పోయింది. నా తెల్ల వెంట్రుకలు గుప్పెడు దానికే అతుక్కున్నయి.

కోడలు మిషన్ తిప్పి చూసి, "వి ఒక్కటే అత్తమ్మా. వోల్ట్ అంటే తీగలకెళ్లి వచ్చే జోరు. మన ఇండ్లకు రెండొందల ముప్పై వస్తది, ఇది నూటపదికి చేసింది. వాట్ అంటే అది తినే తిండి" అన్నది.

వాసనకు కొడుకు వచ్చి గుమ్మంల నిలబడ్డడు. అద్దం తియ్యాల్నా అని అడిగిండు.

"తప్పు చదివింది నేను. తీస్తే నా కండ్లద్దాలు తియ్యి" అన్న.

శనివారం కోడలు, నేను కొత్త మిషన్లు కొననీకి బీదర్ పోయినం, సాపు చేసేదొకటి, తల ఆరబెట్టేదొకటి. దుకాణమాయన తల ఆరబెట్టే మిషన్ రెండువేల వాట్లది తీసుకోమని ఒకటే పోరు. మా గదిల ఉన్నది ఆరు ఆంపుల చిన్న సాకెట్ అని, రెండువేల వాట్లకు అది ఆగదని కోడలు చెప్పింది. వెయ్యి వాట్లది తీసుకున్నం. సాపు చేసే మిషన్ నలభై ఐదు వాట్లే. గంత తక్కువతోని ఏమైతది అన్న. ఇది రెండు చిన్న పలకలే కాల్చాలె, ఆరబెట్టేది వచ్చే గాలినంత వేడిచెయ్యాలె కదా అన్నది. డబ్బాల మీద రాసింది అక్షరమక్షరం నేనే చదివిన. వెనుక ఉన్నోళ్లు విసుక్కున్నరు, విసుక్కోనీ.

ఆదివారం పెండ్లిపిల్ల కూసున్నంక కోడలు ప్లగ్గు పెట్టలే. మిషన్ నా ముందల పట్టి, "చదువుండ్రి అత్తమ్మా" అన్నది.

"రెండొందల ఇరవై నించి రెండొందల నలభై, వి. నలభై ఐదు, రెండు వీలు."

పెండ్లిపిల్ల నా తలల బోడి జాగను చూసి ఏమైందని అడిగింది. ఉన్నది చెప్పిన. ఆమె నవ్వుతుంటే కోడలు తల కదల్చకు బిడ్డా అని పని మొదలుపెట్టింది. పోయేటప్పుడు జడ ముందలికేసుకొని రెండుసార్లు అద్దం చూసుకున్నది, చెల్లెను కూడ పంపుతనన్నది.

సోమవారం కొడుకు కరెంటు పనాయనను తోలుకొచ్చిండు. పెద్ద సాకెట్, దానికి లావు వైరు. అద్దం ముచ్చట తియ్యలే. ఇది రెండువేల వాట్లకు ఆగుతదా అని మాత్రం నన్నడిగిండు.