మందుల షాపు దూది

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా సంఘంలో ఆదివారం చాపలు పరిచే పెద్దమ్మ. ఖిదిర్‌పూర్ అనే ఈ బెంగాలీ పేటలో మా గది వెనక సందులోనే వాళ్లిల్లు. క్రిస్మస్‌కు రెండు వారాల ముందు ఒక మధ్యాహ్నం వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“అమ్మీ, కోడలు ఊరెల్లింది. మనవరాలు బెంగెట్టుకుని కూడు ముట్టడం నేదు. నువ్వు బొమ్మలేస్తావు, తెలుగు రాస్తావు. దానికి చలికాలం కార్డొకటి సేసియ్యి. నీ పేరు మాత్రం రాయకు.”

“పేరెందుకు రాయకూడదు పెద్దమ్మా?”

“కార్డుక్కూడా సాచ్చి సంతకాలేటమ్మా?” అని నవ్వింది గాని, నా మొహం చూడలేదు.

నేను బడికి వెళ్లలేదు. నాన్న ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పారు. అందుకే ఎవరైనా నా చేతిరాత అడిగితే ఎగతాళికేమోనని అనుమానిస్తాను. ఈసారి అనుమానం వేరు. ఆమె శాలువా కిందనుంచి కోడలు కిందటేడు చేసిన కార్డు తీసింది. నీలం కాగితం, చిన్న ఇల్లు, కప్పు మీద దూది మంచు.

“అచ్చం ఇలాగే ఉండాల.”

అంటే, తల్లే పంపిందని పిల్ల అనుకోవాలి. ఊరెళ్లిన మనిషి తనే పంపలేదా? ఫోనైనా చెయ్యదా? పైగా ఈ పెద్దమ్మ రోజూ పొద్దున్నే క్యారియర్ పట్టుకుని బస్సెక్కుతోంది, ఎవరికి? కోడల్ని తనే వెళ్లగొట్టిందని తేల్చేసుకున్నాను. ఆ ఆదివారం ఆమె పరిచిన చాప మీద నా ప్రార్థన కుదురుగా సాగలేదు.

అయినా పిల్ల తినడం లేదన్న మాట నన్ను ఊరుకోనివ్వలేదు. నీలం చార్టు, మందుల షాపులో దూది చుట్ట కొన్నాను. మంచు నేనెప్పుడూ చూడలేదు. ఇల్లు వేసి, గుమ్మంలో మంకీ క్యాప్ పెట్టుకున్న పాపను వేశాను. లోపల “చలిలో తిరగకు, వేళకి తిను” అని రాశాను. ‘అమ్మ’ అని పెట్టలేదు, నా పేరూ పెట్టలేదు. అబద్ధం రాయలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఎవరిచేతైనా పంపితే సరిపోయేది. పెద్దమ్మ ఏం చెబుతుందో వినాలని నేనే తీసుకెళ్లాను.

“ఇదిగోనే, మీ అమ్మ పంపింది,” అంటూ పెద్దమ్మ కార్డు పిల్ల చేతికిచ్చింది.

ఎనిమిదేళ్ల పిల్ల కార్డు విప్పి, మంచును వేలితో నొక్కి వాసన చూసింది.

“అమ్మది కాదు నాయనమ్మా. లేపు ఏకించినప్పుడు అమ్మ గుప్పెడు దూది దాస్తాది. అది మట్టిరంగు. ఇది మందుల షాపుది.”

లేపంటే ఇక్కడ చలికి కప్పుకునే దూది బొంత. వీధిలోకి దూదేకే మనిషి వస్తే విప్పి ఏకిస్తారు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

పిల్ల నావైపు తిరిగి, ఇక్కడ పిన్నిని పిలిచినట్టు పిలిచింది. “మాషీ, నాయనమ్మ రోజూ క్యారియర్ ఎవరికి పట్టుకెళ్తోంది? అమ్మ హాస్పిటల్లో ఉందా?”

“కార్డు చేసింది నేనే తల్లీ,” అన్నాను. “మిగతాది మీ నాయనమ్మే చెప్పాలి.”

పెద్దమ్మ అప్పుడు కూలబడింది. “ఊపిరితిత్తుల జబ్బమ్మా. పిల్లల్ని లోనికి రానీరు. సందులో తెలిస్తే మా ఇంట మంచినీల్లు కూడా ముట్టరని దాచినాను.”

క్యారియర్ ఎవరికో తెలిసి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“బతికే ఉంది కదా?” అంది పిల్ల.

“ఉందే నా తల్లీ, ఉంది. పొద్దున్న పాలు కూడా తాగింది.”

పిల్ల ఏడవలేదు. నా తెల్ల మంచును గోటితో గీకేసి, తన లేపు కుట్టు విప్పి మట్టిరంగు దూది లాగి అంటించింది. తెలుగు మాట్లాడుతుంది గాని రాయడం రాదు. చెయ్యి పట్టి ‘అమ్మ’ అని రాయించాను. మర్నాడు ఆ కార్డు క్యారియర్‌తో పాటు బస్సెక్కింది. దూది దగ్గర నన్ను పొరపడనిచ్చిన దేవునికి స్తోత్రం.

ఆ తల్లి ఇంకా ఇంటికి రాలేదు. ఇది చదివినవాళ్లు ఇవాళ ప్రార్థనలో ఆమెను ఒక్కసారి తలుచుకోండి. పేరు నేను రాయలేదు. లేపు దూది దాచే తల్లి అనండి, చాలు.