పచ్చయ్యప్ప మామ మోసుకొచ్చిన ఆచారాలు

పచ్చయ్యప్ప మామ ఏటా ఆంధ్రాకు పోయి, పాత ఊరి పెద్దలనడిగి, మరిచిపోయిన ఆచారాలు మూటగట్టుకొని వస్తాడని తమిళనాట కనకమ్మ సత్రం అనే ఊళ్ళో నేతవీధిలో ఒక వదంతి. ఎవరింట్లో చిక్కొచ్చినా ఆయన భుజం మీది తుండు దులిపి, "ఇది మన ఆచారం!" అనేవాడు. ఇక ఎదురుండేది కాదు.

నటరాజు పెళ్ళిలో సగం పంక్తికే పాయసం అయిపోయింది. "పాయసం పిల్లోళ్ళకి, పెద్దోళ్ళకి మజ్జిగ. మన ఆచారం!" అన్నాడు మామ. పెద్దలు గర్వంగా మజ్జిగ తాగారు.

ఇంకో పెళ్ళికొడుకుకు కాలు కుంటి. నలుగురూ నవ్వకముందే మామ అందుకున్నాడు. "మాప్పిళ్ళని మోసుకొనే రావాల. మన ఆచారం!" ఆ తర్వాత నిక్షేపంలాంటి కాళ్ళున్న పెళ్ళికొడుకులూ నడవబోమని మొండికేశారు. వీధిలో మగవాళ్ళ నడుములు పట్టేశాయి.

తిరువళ్ళూరులో వీళ్ళు తెలుంగర్లు. చిత్తూరుకు పోతే అరవోళ్ళు. "రెండూ కాదప్పా, మనం మనమే!" అనేవాడు మామ.

దేవకి పెళ్ళొచ్చింది. ముహూర్తం చీర తల్లి సెల్లమ్మే నేసింది. కానీ మొగుడు పోయిన మనిషి కదా, చీర ఇచ్చే వేళకు మగ్గం గది తలుపు చాటుకు తప్పుకుంది.

"అందుకో పాపా," అంటూ పెళ్ళికొడుకు మేనత్త తిరుమలమ్మ చీర పళ్ళెం చాపింది.

దేవకి చేతులు చాపలేదు. నోరు తెరిచి ఏదీ అడిగే పిల్ల కాదు. ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

మామ ఆ చూపు చూశాడు. తుండు దులిపాడు.

"సెల్లమ్మా, యాడుండావు? ఇట్ల రా! నేసిన చెయ్యే చీర ఈయాల. మన ఆచారం!"

"తాళి తీసేసినామె చేత్తోనా? ఇదేం ఆచారమన్నా, మేం యాడా ఇన్లేదే!" అంది తిరుమలమ్మ.

"నీ పెండ్లి చీర ఎవురు నేసినారు?"

"అది... కాంచీపురంలో కొనినారు."

"ఐతే నీకెట్ల తెలుస్తాది? పాపం, విడు."

పందిరంతా నవ్వింది. తిరుమలమ్మకు రోషం వచ్చింది. "తెలీకేమి? మా అవ్వ వెయ్యిసార్లు చెప్పింది!" అంటూ పళ్ళెం తీసుకెళ్ళి సెల్లమ్మ చేతుల్లో పెట్టింది.

తల్లి చేతుల్లోంచి చీర అందుకున్నాక దేవకి తల ఎత్తి నవ్వింది.

మరుసటి నెల తిరుత్తణిలో జరిగిన పెళ్ళిలో నేసినామె కోసం ముహూర్తమే ఆపారట. తాతలనాటి ఆచారమని తగువు పెట్టింది తిరుమలమ్మే.

మామ ఏటా పోయేది మద్రాసు పక్క ఆత్తిపట్టులో కూతురింటికి. ఆయన తిరుత్తణి దాటి ఉత్తరానికి, ఆంధ్రా గడ్డ మీదికి, ఒక్కసారి కూడా పోలేదు.