ఆరుంబావు గడియ, ఏడింటి ప్రయాణం

మా జగిత్యాలలో కారు నడిపేవాళ్లకు యాప్ అంటే గిరాకీ. నాకు మాత్రం అదొక వింత. దాని లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని మొదటి నుంచీ ఒకటే ఆరాటం. ముఖ్యంగా ముందురోజే చేసుకునే బుకింగుల సంగతి. రేపు పొద్దున ఇన్ని గంటలకు కోరుట్లలో బండి కావాలని ఎవరో అడుగుతారు. నేను సరే అని నొక్కుతాను. వెంటనే నా ఫొటో, బండి నంబరు వాళ్ల ఫోన్లో ప్రత్యక్షమవుతాయి. వాళ్లు నిశ్చింతగా పడుకుంటారు. నిజంగా ఆ ప్రయాణం నాకే రాసిపెట్టి ఉంటుందా, లేక ఉత్త మాటేనా? ఈ ప్రశ్న నన్ను చాలారోజులు తొలిచింది.

నిరుడు ఒకసారి పరీక్ష పెట్టి చూశాను. కోరుట్ల నుంచి సిరిసిల్లకు, పొద్దున ఏడింటి బుకింగు. ఒప్పుకున్నాను. పొద్దున కాసేపు ముందుగా "బయలుదేరారా?" అని ఫోన్ అడిగింది. జవాబివ్వకుండా జగిత్యాల బస్టాండు దగ్గర ఒక చిన్న గిరాకీని ఎక్కించుకున్నాను. యాప్ ఏం చేస్తుందో చూద్దామని, అంతే. నేను సమయానికి కోరుట్ల చేరలేనని అది లెక్క కట్టింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ప్రయాణం వేరొకరికి ఇస్తున్నామని ఒక్క ముక్క చూపించి, నా జాబితాలోంచి తీసేసింది.

నాకు భలే సంబరమైంది. చాయ్ హోటల్లో తోటి డ్రైవర్లకు పెద్ద పంతులులా వివరించాను. మనం ఒప్పుకున్నంత మాత్రాన అది మనది కాదు, ఆఖరు నిమిషంలో మళ్లీ మొదటి నుంచి వెతుకుతుంది అని. అందరూ తలలూపారు. ఆ పొద్దున కోరుట్లలో ఇంకో బండి దొరికిందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకూ తోచలేదు.

ఈ ఏడు మళ్లీ కోరుట్ల నుంచి సిరిసిల్లకు బుకింగు వచ్చింది, ఆరుంబావుకు. ఈసారి ప్రయోగాలేమీ పెట్టుకోలేదు. ఐదు నిమిషాల ముందే వెళ్లి ఇంటి ముందు ఆపాను. అరుగు మీద ఒక పెద్దమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ప్రయాణానికి తయారైన మనిషి ఎవరూ కనిపించలేదు.

"అచ్చినవా తమ్మీ? మంచిదాయె. జర ఆగు, పోవుడు ఏడుకు."

"మరి ఆరుంబావుకు పెట్టిర్రేందమ్మా?"

"గడియ గప్పుడే మంచిగున్నది. ఏడుకు వర్జ్యం. గింత పొద్దుగాల పోయి బిడ్డ పరీక్ష గేటు ముంగట ఏం జేస్తది? ఇంక చదువుకునేది ఉన్నదట."

విషయం అర్థమైంది. మా ఇళ్లల్లోనూ ఉన్న పద్ధతే. బయలుదేరే వేళ బాగాలేకపోతే, మంచి గడియలో ఒక సంచి తీసుకెళ్లి పక్కింట్లో పెట్టి వస్తారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తరవాత ఎప్పుడు కదిలినా ఫర్వాలేదు. ఈమె పక్కింటి వాళ్లేమో తాళం వేసి పెళ్లికి పోయారు. కాబట్టి ఆ రోజు నా బండే పక్కిల్లు.

లోపలి నుంచి కూతురు వచ్చింది, ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో సంచి. నా ముఖంలోకి ఒకసారి నిదానంగా చూసింది. సంచి ముందు సీట్లో పెట్టి, ఫోన్ చూసి నాలుగంకెలు చెప్పింది. నేను నొక్కాను. యాప్ లెక్కలో ప్రయాణం మొదలైంది. ఆమె లోపలికి వెళ్లి మళ్లీ చదువుకోసాగింది. నేను సంచితో సహా వీధి మలుపు దాకా వెళ్లి, బండి అక్కడే ఆపి నడిచి వచ్చాను.

కాసేపటికి ఆమె ఫోన్ మోగింది. బండి చాలాసేపటి నుంచి ఆగి ఉంది, మీరు క్షేమమేనా అని యాప్ అడుగుతోందట. "ఇంట్లనే ఉన్న, క్షేమమే!" అని లోపలి నుంచి అరిచింది. నాకు నవ్వాగలేదు. అంత తెలివిగల యాప్‌కు పెద్దమ్మ పంచాంగం ఎవరు నేర్పాలి?

పెద్దమ్మ నవ్వలేదు. బీడీకి దారం చుడుతూ చెప్పింది. "నిరుడు గిదే పరీక్ష, గా సిరిసిల్లలనే. ముందురోజే ఒక బండాయన ఒప్పుకున్నడు. పొద్దుగాల ఏడుకు నిలవడితే ఫోన్ల వెతుకుతున్నం, వెతుకుతున్నం అనుడే. ఏడు బస్సు గూడ తప్పె, ఆఖరుకు దాని తర్వాతి బస్సుల పోయింది. గేటు మూసి రెండు నిమిషాలైందట. గడియ సూడకుంట పంపిన, నాదే తప్పు."

అదే కోరుట్ల, అదే సిరిసిల్ల, అదే ఏడు గంటలు. ఆమె ఏడాదిగా మోస్తున్న తప్పు నాది. చెప్పాలని నోరు తెరిచి, లోపల చదువుతున్న పిల్ల గొంతు వినిపించి మూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏడింటికి బయలుదేరాం. రుద్రంగి దాటాం, వేములవాడ దాటాం. ఆమె పుస్తకంలోంచి తలెత్తలేదు, నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. గేటు మూయడానికి ఇంకా గంట ఉండగానే సిరిసిల్లలో పరీక్ష కేంద్రం ముందు దించాను. యాప్ ప్రయాణం ముగిసిందని చెప్పింది. నేను ఫోన్ ఆపేసి, ఎదురుగా చెట్టు నీడలో బండి పెట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం అందరితో పాటు బయటికి వచ్చి, నన్ను చూసి ఆగింది. "ఇంక పోలేదా అన్నా?"

"చెల్లె, ఒక మాట చెప్పాలె. నిరుడు మీ బండి ఒప్పుకుని రానోణ్ని నేనే."

ఆమె ఆశ్చర్యపోలేదు. "ఎరుకే అన్నా. మీ ఫొటో గప్పుడు పొద్దుగాల సూసుకుంట నిలవడ్డ కద. నిన్న మళ్ల మీదే అచ్చింది. అమ్మకు సూపియ్యలే. గడియ బాగలేకుండె అనే అనుకోనియ్యుర్రి. మీరని తెలిస్తే అమ్మ నన్ను బండి ఎక్కనియ్యకపోతుండె."

"మరి నన్ను నమ్మి ఎట్ల ఎక్కినవు?"

"నమ్మలే," అంది, హాల్‌టికెట్ మడిచి సంచిలో పెట్టుకుంటూ. "అమ్మ ఆరుంబావు గడియ అంటే గందుకే సరే అన్న. ఒప్పుకున్నోళ్లు రాకుంటే ఏడు గొట్టంగ పోయే బస్సుకు పోవచ్చు కద."