డైరెక్ట్ ఇచ్చిన వైరు

మొన్న మా బావ సంవత్సరీకానికి అక్క కొడుకు కారులో మాచర్ల వెళ్తున్నాను. వాడు సీటు బెల్టు పెట్టుకోలేదు, కారు కీచుమంటూనే ఉంది. గురజాల దాటాక వాడికి విసుగొచ్చింది. పెట్టుకుంటాడనుకున్నాను. బెల్టును వీపు వెనక నుంచి లాగి ఖాళీగా బిగించి, "నోరు మూయించా మామయ్యా" అని నవ్వాడు. అచ్చం వాళ్ల నాన్న నవ్వే. నాకు ఒళ్లు మండింది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. అక్కడికెళ్లాక అందరూ ఆయన్ని పొగుడుతుంటే ఎలాగూ వినాలి. దారిలో ఈ నవ్వు కూడానా!

ఎనభైల చివర్లో నాన్న నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద షెడ్డు వేసి, పంపుసెట్ల భాగాలు చేయడానికి కంప్యూటరు లేతు మిషను తెప్పించాడు. తనంతట తానే ఇనుము కోస్తుందని విని, పత్తి అమ్ముకోవడానికి వచ్చిన రైతులు కూడా వచ్చి చూసి పోయేవాళ్లు. దాని పని నేర్చుకోవడానికి నన్ను బెంగళూరు పంపాడు. "ఈ షెడ్డు నీదిరా, మిషన్ని సరిగా చూసుకో" అన్నాడు. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు. సేద్యం నాకు చేతకాదు, ఊరి రాజకీయం అసలే పడదు. ఆ ఆయిలు వాసన, చిన్న తెర మీద పచ్చటి అక్షరాలు, అదే నా లోకం. ఏ తేడా వచ్చినా మిషను ఆగిపోయి, అలారం నంబరు చూపించి మోత పెట్టేది. ఆ నంబరు పట్టుకుని కారణం వెతకాలి. ఒకసారి ఆయిలు అలారం పట్టుకుంది. టాంకు నింపితే ఆగేది, పొద్దెక్కాక మళ్లీ మొదలు. లోపలెక్కడో గొట్టం పగిలి ఆయిలు కారిపోతోందన్నమాట. ఆయిలు అందకపోతే, పట్టాల మీద జరిగే భాగం ఇనుముకు ఇనుము రాసుకుని పాడవుతుంది. పని ఆపి, కవర్లు విప్పి చూద్దామన్నాను.

మా పల్నాడులో పౌరుషానికి కొదవ లేదు గానీ ఫ్యూజు వైరుకు ఎప్పుడూ కరువే. బోరు మోటారు ఆగితే ఎందుకాగిందని ఎవడూ అడగడు. స్టార్టరు పక్కనపెట్టి, కరెంటు వైరు నేరుగా మోటారుకే కలిపి డైరెక్ట్ ఇచ్చేస్తాడు. షెడ్డులో నాన్నకు తోడుగా ఉండే మా బావ ఆ విద్యలో ఆరితేరినవాడు. నేను అన్నానికి వెళ్లొచ్చేసరికి ఆయిలు తగ్గితే అలారం మోగించే స్విచ్చికీ డైరెక్ట్ ఇచ్చి, దాని వైర్లు రెండూ కలిపేసి, మిషను నడిపిస్తున్నాడు. విప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఏందిరా నీ భయం? మోటారాగితే విప్పుకుంటా కూచుంటామా?" అన్నాడు. నాన్న దగ్గర మొత్తుకున్నాను. "చానా బాగా తిరుగుతుంది గదరా, అల్లుడు చెప్పినట్టు కానీయ్" అన్నాడు నాన్న. మా ఇంట్లో అల్లుడు తప్పు చేయడు. చేస్తే అది ఇంకెవరిదో అవుతుంది. ఇక చేసేదేముంది, పూటపూటా నేనే టాంకు నింపుతూ వచ్చాను. సరుకు ఇవ్వడానికి నేను గుంటూరు వెళ్లిన రోజు బావే మిషను నడిపాడు. టాంకు ఎండిపోయింది. మిషను ఒక్క కూత కూయలేదు, ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది.

కంపెనీ ఇంజినీరు వచ్చి విప్పి చూశాడు. పట్టాలు గీరుకుపోయాయి, ఇక పాత కొలత రాదన్నాడు. కలిపిన వైరు చూపించి, ఇదెవరి పనని అడిగాడు. బావ రెప్ప కూడా వేయకుండా నాన్న వైపు తిరిగి, "ఇంకెవురు మావయ్యా, మిషను చదువు చదివింది మీవోడేగా" అన్నాడు. నాన్నకు నిజం తెలుసు. తెలిసీ నేలచూపులు చూశాడు. నేను నోరు తెరిచేలోపు, కాఫీ గ్లాసులతో వచ్చిన అక్క నా పక్కన ఆగి, "నా మొహం చూసి ఊరుకోరా తమ్ముడూ" అంది మెల్లగా. నేను మాట్లాడితే ఆ రాత్రి ఇంట్లో ఆమె పడే పాట్లు నాకు తెలుసు. ఊరుకున్నాను. సాయంత్రం నాన్న షెడ్డు తాళాలు బావ చేతిలో పెట్టాడు. నేను హైదరాబాదు వెళ్లి బతుకంతా పరాయివాళ్ల మిషన్లకు ఆయిలు పోశాను. ఆ ఒక్క మాట బావ ఎప్పటికైనా వెనక్కి తీసుకుంటాడని చూశాను. తీసుకోకుండానే పోయాడు. మహానుభావుడట!

కారు ఆపించి, "ముందు బెల్టు పెట్టుకో" అని అరిచాను. వాడు బిత్తరపోయి పెట్టుకున్నాడు. "ఇంత చిన్నదానికి అంత కోపమేంది మామయ్యా?" అన్నాడు. వాళ్లమ్మ మొహం గుర్తొచ్చి అప్పుడూ ఊరుకున్నాను. కాలం కోపాన్ని చల్లారుస్తుందంటారు. చల్లార్చలేదు, నా కోపానికి డైరెక్ట్ ఇచ్చిందంతే. మోత ఆగింది, లోపల రాపిడి ఆగలేదు.